గోడ మూల రాయి, మావయ్య బండి

చిన్నారులకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న వీడియో కాల్‌లో మావయ్య బండి చూపిస్తుంటే చిన్నది అడిగింది కదా, "తలుపుల కింద ఆ నల్ల గొట్టాలేంటి తాతయ్యా, ఎక్కడానికి మెట్లా?" అని. అప్పుడు అవునని తలూపేశాను. అది సరైన జవాబు కాదని తర్వాత మనసులో పీకుతూనే ఉంది. వాటిని బిగించడంలో శని, ఆదివారాలు రెండు రోజులూ నేనూ చెయ్యి వేశాను కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

వాటిని ఇక్కడ రాక్ స్లైడర్లు అంటారు. మావయ్యది టయోటా టకోమా పికప్పు. అమెరికాలోని కొలరాడో కొండల్లో పాత గనుల దారులున్నాయి, ఒకప్పుడు బంగారం, వెండి ముడిరాయి మోసే బళ్లకోసం తొలిచినవి. ఇమోజీన్ కనుమ అనే చోట దారి 13,114 అడుగుల ఎత్తుకు పోతుందట. ఏడాదిలో చాలా భాగం మంచు కింద ఉండి, ఎండాకాలంలోనే తెరుచుకుంటుంది. అక్కడ తారూ లేదు, సిమెంటూ లేదు, అన్నీ రాళ్లే. చక్రం ఒక రాయి ఎక్కి దిగినప్పుడు ఆ రాయి సరిగ్గా తలుపు కింద, బండికి గడపలాంటి చోట తగులుతుంది. ఆ గడప సుమారు ఒక మిల్లీమీటరు మందం రేకు. నొక్కుకుపోయిందంటే తలుపే తెరుచుకోదు. ఆ దెబ్బ గడపకు తగలకుండా తాము కాచుకునేవే ఈ గొట్టాలు.

మన ఊళ్లో మా ఇల్లు వీధి మలుపులో ఉండేది. సంక్రాంతి ముందు వరిగడ్డి బళ్లు వరసగా వచ్చేవి, గడ్డి రెండు పక్కలా వేలాడుతుంటే బండి తోలేవాడికి చక్రం కనపడదు, మలుపు తిరిగేటప్పుడు ఇరుసు కొన వచ్చి గోడ మూలను గీరేసేది. మట్టిగోడ, ఎన్నిసార్లు మెత్తినా మళ్లీ రాలేది. అందుకే మా తాత ఆ మూలకు నడుమెత్తు రాయి ఒకటి పాతించాడు. ఇక బళ్లన్నీ దాన్నే గీరుకుంటూ పోయేవి, రాయి నున్నగా మెరిసేది. దాని మీద కూర్చుని ఎన్ని జామకాయలు తిన్నానో! ఆ రాయిని గోడకు ఆనించలేదు, మధ్యలో జానెడు ఖాళీ వదిలాడు. ఆనిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని నేనంటే, "రాయి కదిలినా గోడ కదలకూడదురా" అన్నాడు.

స్లైడరు కూడా అంతే. బండి కింద ముందు నుంచి వెనక్కి రెండు పొడుగాటి ఇనుప దూలాలుంటాయి, దాన్ని ఛాసీ అంటారు. మనం కూర్చునే గది దాని మీద రబ్బరు దిమ్మలపై కూర్చుని ఉంటుంది. స్లైడరును ఛాసీకే బిగిస్తారు, గదికి అసలు తగలనివ్వరు. మధ్యలో వేలు పట్టేంత ఖాళీ. ఒక చక్రం రాయి మీద, ఒకటి గుంటలో ఉన్నప్పుడు ఛాసీ కాస్త మెలి తిరుగుతుంది, గది మాత్రం రబ్బరు మీద తన లెక్కన కదులుతుంది. ఖాళీ లేకపోతే రెండూ ఒరుసుకుంటాయి. మా తాత రాయిని భూమిలో పాతాడు, మావయ్య ఛాసీకి పాతాడు, అంతే తేడా. ఇంకో తేడా కూడా ఉంది లెండి, అక్కడ బండి వచ్చి రాయికి తగిలేది, ఇక్కడ రాయి తగులుతుందని బండే తన కాపలా రాయిని వెంట మోసుకుపోతోంది.

ఒక్కో స్లైడరు దాదాపు 30 కిలోలు. జాకీ మీద చెక్కముక్క పెట్టి, దానిమీద స్లైడరును ఉంచి మెల్లగా పైకి లేపాం. ఛాసీ వెంట బ్రేకు గొట్టాలు, వైర్లు పోతుంటాయి, అవి నలగకుండా నేను టార్చి పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మొదటి పక్క తొందరపడ్డాం. ముందు బోల్టు గట్టిగా బిగించేసరికి వెనక బోల్టు రంధ్రంలోకి రానంది, అరగంట కుస్తీ పట్టి మళ్లీ అంతా విప్పాం. రెండో పక్క అన్ని బోల్టులూ చేత్తో వదులుగా ఎక్కించి, ముందూ వెనకా ఖాళీ సమానంగా ఉందో టేపుతో కొలిచి, అప్పుడు పానా పట్టాం, సాఫీగా కూర్చుంది. ఏ పనైనా అలా మొదలుపెట్టడం మంచిది. 800 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అన్నీ బిగువు చూడాలని మావయ్య గోడ మీద రాసుకున్నాడు. ఇంకొకటి, జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి ఎప్పుడూ దూరకండి. మేం నాలుగు స్టాండ్లు వేశాకే దూరాం.

చివర్లో మావయ్య జాకీని స్లైడరు కిందే పెట్టి ఎత్తాడు. రెండు టన్నుల బండి ఒక పక్క నేల వదిలి లేచింది. అలా లేచి ఉండగానే తలుపు తెరిచి వేశాడు, ఎప్పటిలాగే చప్పుడు చేసి పడింది! ఆ గొట్టం గోడ మందం మూడు మిల్లీమీటర్లే, లోపలంతా బోలు. బోలు గొట్టం అంత బరువు ఎలా మోసిందంటారా? ఒక కాగితాన్ని రెండు గ్లాసుల మీద వంతెనలా పెట్టి మీద పెన్సిలు పెట్టండి, తర్వాత అదే కాగితాన్ని గొట్టంలా చుట్టి పెట్టి చూడండి. నేను చెప్పేకన్నా అదే బాగా చెబుతుంది.

ఈసారి సెలవులకు ఊరు వెళ్తే ఆ మూలకు వెళ్లండి. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేస్తూ రాయి చాలావరకు కూరుకుపోయింది, ఇప్పుడు మోకాలెత్తే కనిపిస్తుంది. గోడకూ దానికీ మధ్య చెయ్యి దూర్చి చూడండి, దూరుతుందో లేదో నాకు రాయండి.

మీ తాతయ్య