తాళం కప్ప చెక్కుచెదరలేదు, ఇల్లు మాత్రం ఖాళీ: ఊరెళ్ళేవాళ్ళ అపోహలు, వాస్తవాలు

సెలవులు దగ్గరపడ్డాయంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "వారం రోజులు ఊళ్ళో ఉండం, అన్నిటికన్నా పెద్ద తాళం ఏదండీ?" తాళాలు బిగించడం, చెవి పోతే తీసిపెట్టడం, పగిలిన తలుపులు మళ్ళీ నిలబెట్టడం నా పని. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా "మా గొళ్ళెం గట్టిదేనా?" అని అడిగిన పాపాన పోలేదు.

అపోహ: తాళం పెద్దదైతే ఇల్లు భద్రం.

వాస్తవం: దొంగ తాళంతో కుస్తీ పట్టడు. ఆ తాళం దేనికి వేలాడుతోందో చూస్తాడు.

ఒకసారి ఓ ఇంటికి పిలిస్తే వెళ్ళాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి తలుపు ఓరగా తెరిచి ఉందట. గుమ్మం ముందు అరచేతి అంత కప్ప పడి ఉంది. వేసిన తాళం వేసినట్టే ఉంది, పైన గీత కూడా లేదు. దానికి గొళ్ళెం వేలాడుతోంది, గొళ్ళేనికి నాలుగు స్క్రూలు. ఒకటి తీసి చూశాను. నా చిటికెనవేలి గోరంత పొడవు, మరల మధ్య చెక్కపొట్టు. ఆ ఇంటి పెద్దావిడ లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి, నా ముందే కప్ప తీసి మళ్ళీ వేసింది. "చూడు బాబూ, బాగానే పని చేస్తోంది కదా" అంది. నిజమే, భేషుగ్గా పని చేస్తోంది. నాకు నోట మాట రాలేదు.

కాబట్టి కొత్త తాళం కొనేముందు స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపు దగ్గరికి వెళ్ళండి. గొళ్ళెం వేసి ఉన్నప్పుడు బయట నిలబడితే స్క్రూల తలలు కనబడుతున్నాయా? కనబడితే ఆ స్క్రూడ్రైవర్ దొంగకీ ఉంటుంది. మూసినప్పుడు స్క్రూలు కప్పుకుపోయే రకం గొళ్ళెం పెట్టించండి. లేదా తలుపు ఈవలి నుంచి ఆవలికి బోల్టు దింపి, లోపల నట్టు బిగించండి.

లోపలే ఇమిడిపోయే తాళాలైతే, గడియ వెళ్ళి దూరే రంధ్రం చుట్టూ చట్రానికి చిన్న రేకు ఉంటుంది చూశారా, అసలు ఆయువుపట్టు అదే. తన్నితే తాళం విరగదు, ఆ రేకు దగ్గర చట్రం చీలుతుంది. తాళంతో పాటు డబ్బాలో వచ్చే స్క్రూలు చాలావాటిల్లో పొట్టివి. చెక్క చట్రమైతే వాటి చోట 3 అంగుళాలవి వేయించండి, చట్రం దాటి వెనకున్న గట్టి భాగంలోకి దిగాలి. ఈ పనికి అరగంట పట్టదు. నాకు దాంట్లో పెద్దగా మిగిలేదీ లేదు, అయినా మీరు అడగకపోయినా చెప్తాను.

ఇంకో సంగతి. తలుపు లాగితే టక్కుమని పడే లాచ్‌ని తాళం అనుకునేవాళ్ళు చాలామంది. దాని నాలుక స్ప్రింగు మీద ఆడుతుంది, సందులోంచి పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి వెనక్కి నెట్టొచ్చు. చెవి మరిచిపోయి బయట ఇరుక్కుపోయినవాళ్ళకి నేను తలుపు తీసిపెట్టేది చాలాసార్లు ఇలాగే. ఎంత త్వరగా వచ్చేస్తుందో చూసి వాళ్ళ ముఖం పాలిపోతుంది, సంతోషించాలో భయపడాలో తెలియక. చెవి తిప్పితే కనీసం అంగుళం బయటికొచ్చి నిలిచే డెడ్‌బోల్ట్ వేయందే ఇల్లు వదలొద్దు.

తాళాల మీద గ్రేడు అంకెలు చూసి కొనేవాళ్ళకి ఒక మాట. అమెరికా లెక్కలో 1 అంటే అన్నిటికన్నా గట్టిది. యూరప్ వాళ్ళ కప్పల లెక్కలో 1 అంటే అన్నిటికన్నా బలహీనం, 6 గట్టిది. ఏ లెక్కో చూడకుండా అంకె పట్టుకుని మురిసిపోకండి.

అపోహ: స్మార్ట్ లాక్ పెట్టాం, ఇక ఢోకా లేదు.

వాస్తవం: పైన అంకెల పలక ఉన్నా, వాటిల్లో చాలావాటికి అవసరానికి ఒక చెవి రంధ్రం కూడా ఉంటుంది. లోపల ఎక్కువగా ఉండేది 1861లో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న పిన్‌ల పద్ధతి లాంటిదే. గడియ పడేది మళ్ళీ ఆ రేకులోకే. వెళ్ళేముందు బ్యాటరీలు మార్చండి, అంతే.

అపోహ: లైటు వేసి వెళ్తే ఇంట్లో మనుషులున్నారనుకుంటారు.

వాస్తవం: పట్టపగలు వెలిగే వరండా లైటు కన్నా పెద్ద దండోరా ఇంకోటి లేదు. టైమర్ పెట్టండి, అదీ లోపలి గదికి. గుమ్మంలో పేరుకున్న పేపర్లు, పార్సిళ్ళు కూడా అంతే. పక్కింటివాళ్ళని తీసి పెట్టమని అడగండి.

అపోహ: కెమెరా ఉంటే రారు.

వాస్తవం: కొందరు రారు. వచ్చేవాళ్ళు టోపీ పెట్టుకుని వస్తారు. కెమెరా చూస్తుంది, ఆపదు. కరెంటు, వైఫై పోతే చూడటం కూడా కష్టమే.

అపోహ: చెవి ఎక్కడ దాచానో ఎవరికీ తెలియదు.

వాస్తవం: పూలకుండీ, కాలిపట్టా, మీటరు బాక్సు. నాకు తెలిసిపోయింది కదా?

వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, దొంగలు గోడ మీద సుద్దముక్కతో వేస్తారనే గుర్తులు, వాటి అర్థాలు. దయచేసి అవి నాకు పంపకండి. ఆ గుర్తు కోసం గోడంతా వెతికే బదులు వెనక తలుపు గడియ ఒకసారి లాగి చూడండి. ముందు తలుపుకి మూడు తాళాలు వేసి, వెనక తలుపుకి తుప్పు పట్టిన బోల్టుతో సరిపెట్టిన ఇళ్ళు ఎన్ని చూశానో.

సగం దారిలో ఫోన్ చేసి, "తాళం వేశానో లేదో గుర్తు రావట్లేదండీ" అనేవాళ్ళని మాత్రం నేనెప్పుడూ విసుక్కోను. ఆ టెన్షన్ నాకు తెలుసు. ఓసారి గంటన్నర ప్రయాణం చేశాక బండి వెనక్కి తిప్పించాను, ఇంట్లోవాళ్ళు తిడుతున్నా. వచ్చి చూస్తే తాళం శుభ్రంగా వేసే ఉంది. పక్కన వంటింటి కిటికీ బార్లా తెరిచి ఉంది. అప్పటి నుంచి బయల్దేరేముందు ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, ప్రతి తలుపుకీ కిటికీకీ ఫోన్‌లో ఫొటో తీసుకుంటాను. మా అమ్మాయి నా గ్యాలరీ తెరిచి, "నాన్నా, మన ఫొటోల కంటే గడియల ఫొటోలే ఎక్కువున్నాయేంటి?" అంటుంది.