విశ్వాసికి దుఃఖం ఉండకూడదా? సంతోషం, జీవిత ఉద్దేశం గురించి అపోహలు - వాస్తవాలు

సంఘ కాపరిగా నా దగ్గరికి వచ్చేవారిలో దేవుడు ఉన్నాడా లేడా అని అడిగేవారు తక్కువ. "నమ్మాను కదా అయ్యగారూ, మరి నాకు సంతోషం ఎందుకు లేదు? నేను దేనికోసం బతుకుతున్నాను?" అని అడిగేవారే ఎక్కువ. బైబిలులో ఈ ప్రశ్నలకు గట్టి జవాబులే ఉన్నాయి. మన కూడికల్లోనూ, ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ పాతుకుపోయిన కొన్ని మాటలు వాటిని వినబడనివ్వడం లేదు.

అపోహ: యేసును నమ్మితే కష్టాలు పోతాయి, ఆ తరువాత సంతోషం వస్తుంది.

వాస్తవం: "లోకములో మీకు శ్రమ కలుగును, అయినను ధైర్యము తెచ్చుకొనుడి" అని శిష్యులకు ముందే చెప్పినవాడు యేసే. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న మాట మన ఇళ్ల గోడల మీద కనబడుతుంది. ఆ మాట రాసేనాటికి అపొస్తలుడైన పౌలు సంకెళ్లలో ఉన్నాడు. విడుదల అవుతాడో, ప్రాణమే పోతుందో అతనికి తెలియదు. తనను వేధిస్తున్న బాధను "శరీరంలో ముల్లు" అన్నాడు, దాన్ని తీసివేయమని మూడుసార్లు వేడుకుంటే ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. క్రైస్తవుడి ఆనందం పరిస్థితి మారడం మీద ఆధారపడి లేదు. క్రీస్తు తనను విడిచిపెట్టడన్న నమ్మకం మీద ఆధారపడి ఉంది.

అందుకే మన ఆరాధనల్లో సాక్ష్యాలు చెప్పించే తీరు మారాలని నా అభిప్రాయం. జబ్బు నయమైనవారికి, ఉద్యోగం వచ్చినవారికే మైకు ఇస్తున్నాం. ఏళ్ల తరబడి మంచం పట్టిన భర్తకు సేవ చేస్తూ, ఆదివారం తప్పకుండా వచ్చి వెనుక వరుసలో కూర్చునే సోదరి సాక్ష్యం కూడా సంఘం వినాలి.

అపోహ: దిగులు, డిప్రెషన్ విశ్వాసం తక్కువైనవారికే వస్తాయి. ప్రార్థన చాలు, వైద్యుడు అక్కరలేదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్నది ఈ అపోహే. కర్మెలు పర్వతం మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే అరణ్యానికి పారిపోయి బదరీవృక్షం కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ అదే జరిగింది. అతని సేవ గురించిన సంభాషణ ఆ తరువాతే మొదలైంది. దుఃఖంలో ఉన్నవారి ఇంటికి వాక్యం పట్టుకుని పరుగెత్తే మనం ఈ వరుసను గమనించాలి: ముందు నిద్ర, భోజనం, తోడు.

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తన అయితే చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది, చివర ఓదార్పు లేదు. అలాంటి మొరకు కూడా దేవుడు తన గ్రంథంలో చోటిచ్చాడు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా అతని సమాధికి వెళ్లే ముందు "యేసు కన్నీళ్లు విడిచెను". పౌలుతో ప్రయాణించిన లూకా వైద్యుడు. కాబట్టి వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలని అనిపించకపోయినా ప్రార్థన చేయించుకోండి, మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మందులు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

అపోహ: నా జీవితానికి దేవుడు ఒక రహస్య ప్రణాళిక రాసిపెట్టాడు. అది బయటపడేదాకా ఎదురుచూడాలి.

వాస్తవం: దీనికి ఆధారంగా చూపేది యిర్మీయా 29:11. మీ గురించి నా ఉద్దేశాలు హాని చేసేవి కావు, మీకు నిరీక్షణ కలిగించేవి అని దేవుడు చెప్పే వచనం అది. కొత్త సంవత్సరం రాత్రి వాగ్దాన కార్డుల్లో ఎందరికో అదే వస్తుంది. అయితే అది బబులోనుకు చెరపట్టబడిన ప్రజలకు రాసిన ఉత్తరం. డెబ్బై ఏళ్లు గడిచాకే తిరిగి రప్పిస్తానని ముందు వచనం చెబుతోంది, అంటే వినేవారిలో చాలామంది ఆ రోజును చూడరు. మరి అప్పటిదాకా? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు దేవుడు. ఇష్టం లేని ఊళ్లో, పరాయివారి మధ్య చేయదగిన మేలే వారికి దొరికిన ఉద్దేశం. "దేవుని చిత్తం ఇంకా తెలియలేదు" అంటూ చదువు, పెళ్లి, ఉద్యోగం అన్నీ ఆపుకుని కూర్చున్న యువతీయువకులకు నేను ఈ ఉత్తరాన్ని మొదటి వచనం నుంచి చదివిస్తాను.

అపోహ: పాస్టరో, సువార్తికుడో అయితేనే జీవితం దేవునికి ఉపయోగపడినట్టు.

వాస్తవం: యేసు వడ్రంగి. కొరింథులో పౌలు, అకుల, ప్రిస్కిల్ల కలిసి డేరాలు కుట్టారు. నిజాయితీగా కొలిచే రేషన్ డీలరు, రాత్రి డ్యూటీలో రోగి పక్కన నిలబడే నర్సు పిలుపు నా పిలుపుకంటే తక్కువది కాదు.

అపోహ: కానుక ఇస్తే దీవెన వస్తుంది, ఆ దీవెనే సంతోషం.

వాస్తవం: ఇది బేరం, సువార్త కాదు. విశ్వాసం లాభం కోసం చేసే బేరం కాదనడానికి మన ఒంగోలు చరిత్రలోనే జవాబుంది. 1876-78 నాటి కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరవు సాయం పంచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక కూడా జనం వచ్చారు, వారిలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న ఒక్కరోజులో గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.