మధురపూడి రన్‌వే, ఫ్యాన్ల విమానం

రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి విమానంలో గంట. ఆ గంటలో చెవుల్లో హోరు, ముందు సీటుకు ఆనే మోకాళ్ళు, మబ్బుల్లో గతుకుల రోడ్డు. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇవి అలవాటే. తప్పంతా విమానానిదే అనుకుంటాం గానీ, సగం సంగతి నేల మీదుంది.

రాజమండ్రికి విమానాలు దిగే మధురపూడి విమానాశ్రయం బ్రిటిష్ కాలంనాటిది. మొన్న మొన్నటి దాకా రన్‌వే దాదాపు 1,750 మీటర్లే. నిండుగా జనంతో ఉన్న పెద్ద జెట్‌కి అది చాలదు. అందుకే మనకి రాసిపెట్టినవి ఫ్యాన్ల విమానాలు. 80ల్లో వాయుదూత్ అనే సర్కారీ విమాన సంస్థ నడిపే డోర్నియర్లు వచ్చేవి. 19 సీట్లు, అటొకటి ఇటొకటి. లోపలి గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి పెద్ద ఎత్తుకు పోలేవు. దిగేటప్పుడు చెవులు పట్టేసేవి. 1993లో వాయుదూత్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

తర్వాత మన రాత ఏటీఆర్. ఫ్రాన్సు, ఇటలీ కలిసి చేసిన ఈ విమానం 72 రకం 1988లో మొదటిసారి ఎగిరింది. మొదట్లో ఫ్యాన్‌కి నాలుగు రెక్కలు, తర్వాత ఆరు. రెక్కలు పెరిగితే ఒక్కోదాని మీద బరువు తగ్గి, విమానం గోడకి తగిలే హోరు దెబ్బ మెత్తబడుతుంది. మెత్తబడుతుందంతే, పోదు. 25,000 అడుగులు దాటదు కాబట్టి, జెట్లు పైనుంచి దాటిపోయే మబ్బుల్లోంచే ఇది వెళ్ళాలి. శ్రావణంలో ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అసలు బాధ ఎండాకాలంలో. పెద్ద విమానాల తోకలో, నేల మీదుండగా కరెంటూ ఏసీ ఇచ్చే చిన్న ఇంజన్ ఉంటుంది. ఏటీఆర్‌లో అది లేదు. కుడి ఇంజన్ నడుపుతూ దాని ఫ్యాన్‌కి బ్రేకు వేస్తారు. పైలట్ల భాషలో ఇది హోటల్ మోడ్. రోహిణీ కార్తెలో వెనక తలుపు బార్లా తీసి జనం ఎక్కుతుంటే ఆ చల్లదనం ఏ మూలకీ రాదు. గాల్లోకి లేచాక గానీ చొక్కా ఆరదు. ఓసారి మా అత్తయ్య ఆత్రేయపురం పూతరేకుల డబ్బా పైన అరలో పట్టక, దారంతా ఒళ్ళోనే పెట్టుకుంది.

ఇరుకుకి ఇంకో కారణం లెక్కల్లో ఉంది. 80 సీట్లలోపు విమానాలకి మన దేశంలో ల్యాండింగ్ ఛార్జీ మినహాయింపు. ఏటీఆర్ 72లో ఎంత కుక్కినా 78. ఇక సీట్లు తగ్గించే కంపెనీ ఏదుంటుంది?

2019లో రన్‌వే 3,165 మీటర్లయింది. 2024 డిసెంబరులో ముంబై, ఢిల్లీలకి ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. అందులో మూడేసి సీట్లు, మధ్యవాడికి కిటికీ లేదు, నడవా లేదు. ఏటీఆర్‌లో రెండేసే. పైగా దాని రెక్క కిటికీలకి పైనుంటుంది. మా అత్తయ్య ఇప్పటికీ ఏటీఆర్‌లో కిటికీ సీటే అడుగుతుంది, గోదారి కనబడాలని.