బాబిలాన్ 5: ఆ ఉత్తర్వులు ఎక్కడి నుంచి వచ్చాయి?

అంతరిక్షంలోని ఓ స్టేషన్‌లో జరిగే అమెరికన్ టీవీ సీరియల్ బాబిలాన్ 5లో గ్రహాల మధ్య యుద్ధాలు ఎంత ఘనంగా ఉన్నా, ఇప్పుడు మళ్లీ చూస్తే మనసును పట్టి కుదిపేవి భూమి ప్రభుత్వం పంపే ఉత్తర్వులే. 1993 ఫిబ్రవరిలో పైలట్ (తొలి నమూనా ఎపిసోడ్) వచ్చింది. 1994 జనవరి నుంచి 1998 నవంబరు దాకా అయిదు సీజన్లు, 110 ఎపిసోడ్లు నడిచాయి. సృష్టికర్త జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ వాటిలో 92 తానే రాశారు.

మొదటి సీజన్ 12వ ఎపిసోడ్ ‘బై ఎనీ మీన్స్ నెసెసరీ’ రాసింది మాత్రం కాథరిన్ డ్రెనన్. కృష్ణపట్నం పోర్టులో ఓడ సరుకు దిగే తీరు ఎరిగినవాళ్లు దీన్ని నింపాదిగా చూడాలి. స్టేషన్ రేవులో మనుషులు చాలరు, ఓడలు ఆగవు, యంత్రాల్లో నాసిరకం భాగాలు. ప్రమాదంలో ఓ కార్మికుడు చనిపోతాడు. సమ్మె చట్టవిరుద్ధం గనక ఒంట్లో బాగాలేదని అందరూ పని మానేస్తారు. భూమి నుంచి వచ్చిన మధ్యవర్తి మాటలు తెగగొట్టి రష్ చట్టం తెప్పిస్తాడు. సమ్మె ఆపడానికి స్టేషన్ కమాండర్ ఏ మార్గమైనా వాడొచ్చన్నది దాని సారం. కమాండర్ సింక్లెయిర్ ఆ మాటనే గట్టిగా పట్టుకుంటాడు. మిలిటరీ బడ్జెట్ నుంచి 13 లక్షల క్రెడిట్లు (ఆ కథలోని డబ్బు) రేవుకు మళ్లించి పరికరాలు మార్పిస్తాడు, అదనపు మనుషుల్ని పెట్టిస్తాడు.

ఈ కథ చూస్తే అమెరికన్లకు 1981 ఆగస్టు గుర్తొస్తుంది. సమ్మె చేసిన విమాన రాకపోకల నియంత్రణ సిబ్బందిలో 11 వేల మందికి పైగా అధ్యక్షుడు రీగన్ ఉద్యోగాల్లోంచి తీసేశారు. మనకు గుర్తొచ్చేది ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం. 1971 నాటి రాష్ట్ర చట్టం కింద 2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 2 ఇచ్చి, అంగన్‌వాడీ సేవల్లో ఆరు నెలలు సమ్మె నిషేధించింది. అప్పటికి నెల్లూరు, ప్రకాశం జిల్లాలతో సహా రాష్ట్రమంతా డిసెంబరు 12 నుంచి సమ్మెలో ఉంది. అప్పట్లో కార్యకర్త జీతం 11,500, ఆయాకు 7,000. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. అడిగినవి ఇంత న్యాయమైనవైనా ముందు వచ్చింది నిషేధమే. 42 రోజులకు చర్చలతో సమ్మె ముగిసింది.

సీరియల్‌లో నియంతృత్వం ఒక్క దెబ్బన రాదు. మొదటి సీజన్ చివర భూమి అధ్యక్షుడు శాంటియాగో హత్యకు గురవుతాడు, క్లార్క్ గద్దెనెక్కుతాడు. రెండో సీజన్ 16వ ఎపిసోడ్‌లో శాంతి మంత్రిత్వ శాఖ ‘నైట్‌వాచ్’ మొదలుపెడుతుంది. చేతికి ఓ పట్టీ, వారానికి 50 క్రెడిట్లు అదనం, అంతే. సెక్యూరిటీలో పనిచేసే జాక్ అలన్ డబ్బు కోసమే చేరతాడు. తోటివాళ్ల మాటల మీద నిఘా పెట్టడం ఆ తర్వాతి మెట్టు. ఎవర్నీ బెదిరించకుండా ఇంత మందిని ఎలా కూడగట్టారో చూపడంలోనే ఈ సీరియల్ గొప్పతనమంతా ఉందని మా అభిప్రాయం.

మూడో సీజన్ 9వ ఎపిసోడ్‌లో సైనిక పాలన వస్తుంది. స్టేషన్ భద్రత నైట్‌వాచ్‌కి అప్పగించమని ఆదేశం. సింక్లెయిర్ తర్వాత స్టేషన్ బాధ్యతలు చూస్తున్న కెప్టెన్ షెరిడాన్ అది ఏ దారిన వచ్చిందో చూస్తాడు. పంపింది సైనికాధికారి కాదు, పౌర రాజకీయ కార్యాలయం. కాబట్టి చెల్లదు. తర్వాతి ఎపిసోడ్ ‘సెవర్డ్ డ్రీమ్స్’ 1997లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు పొందింది. అందులో వార్తా ఛానల్ ప్రసారం నడుస్తుండగానే మూగబోతుంది.

మన దగ్గర 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం పడేసరికి కేంద్ర మంత్రివర్గం సమావేశమే కాలేదు. మర్నాటి ఉదయం ఆమోదం తీసుకున్నారు. ఆ రాత్రే ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారు. 1978లో 44వ సవరణ ఈ దారినే సరిచేసింది. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి ప్రకటించాలి. ‘అంతర్గత కల్లోలం’ చాలదు, ‘సాయుధ తిరుగుబాటు’ ఉండాలి. పార్లమెంటు ఆమోదానికి గడువు రెండు నెలల నుంచి ఒక నెలకు తగ్గింది.

అన్నీ చూసే తీరిక లేనివాళ్లు మొదటి సీజన్‌లో 12, 22, రెండులో 16, 22, మూడులో 8, 9, 10, నాలుగులో 8, 18 ఎపిసోడ్లు ఇదే వరసలో చూడొచ్చు. చివరిది ఆసాంతం విచారణ గదిలో చిత్రహింస. పిల్లల్ని పక్కన పెట్టుకుని చూడొద్దు. పాత డీవీడీల్లో బొమ్మ వెడల్పుగా ఉంటుంది గానీ గ్రాఫిక్స్ వచ్చినప్పుడల్లా మసకబారుతుంది. నటుల దృశ్యాలు వెడల్పు తెరకూ పనికొచ్చేలా తీశారు, కంప్యూటర్ దృశ్యాల్ని పాత టీవీల కొలత 4:3లోనే తయారుచేశారు. వాటిని పైనా కిందా కోసి సాగదీయడంతో ఆ మసక వచ్చింది. 2021లో వచ్చిన రీమాస్టర్‌లో (బొమ్మ మెరుగుపరిచిన కాపీలో) మళ్లీ 4:3కే వెళ్లారు. పక్కన నల్లపట్టీలు కనిపించినా అదే తీసుకోండి.