బండి లారీవాడికి కనిపించిందా? రాయగడ, కోరాపుట్, బరంపురం రోడ్ల వెనక కథ

మా వైపు, అంటే దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, ఇటు బరంపురం దాకా ఎక్కడ బైకు యాక్సిడెంట్ అయినా జనం అడిగే మొదటి మాట ఒకటే, హెల్మెట్ ఉందా లేదా అని. అడగాల్సిందే, నేను కాదనను. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్ళే, హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. కానీ దాని వెంటనే అడగాల్సిన రెండో మాట ఒకటుంది, అది ఎవరి నోటా రాదు, గుద్దిన లారీ తోలేవాడికి ఈ బైకు అసలు కనిపించిందా అని. నలభై ఏళ్ళ కిందటే పరిశోధనలో తేలిన సంగతి ఇది, మన రూల్స్‌లోకి మాత్రం ఇప్పుడిప్పుడే వస్తోంది.

హెల్మెట్ కథ ఇంకా పాతది. 1935లో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే పేరున్న సైనికాధికారి మోటార్ సైకిల్ మీంచి పడి తలకి దెబ్బ తగిలి చనిపోయాడు, ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఆ విషయాన్ని అక్కడితో వదల్లేదు, బైకు మీద తలదెబ్బలు, హెల్మెట్ అవసరం గురించి 1941లో పేపర్ రాశాడు. తల సంగతి అలా తేలింది. అసలు గుద్దుకోవడం ఎందుకు జరుగుతోంది అన్నదానికి గట్టి జవాబు రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన టీమ్ లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 యాక్సిడెంట్లని స్పాట్‌కి వెళ్ళి మరీ పరిశీలించి 1981లో రిపోర్టు ఇచ్చింది. బైకు, ఇంకో వాహనం గుద్దుకున్న కేసుల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో తప్పు ఆ రెండో వాహనానిదే, బైకుకి దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వలేదు, కారణం ఎక్కువసార్లు ఒకటే, బైకుని చూడలేదు, చూసినా ఆలస్యంగా చూశారు. తర్వాత యూరప్‌లో 921 యాక్సిడెంట్ల మీద చేసిన మెయిడ్స్ స్టడీలో కూడా సగం కేసుల్లో అసలు కారణం అవతలి డ్రైవరు పొరపాటే అని వచ్చింది. ఇది కళ్ళు సరిగా లేకపోవడం కాదు, రోడ్డు మీద పెద్ద వాహనాల కోసం వెతికే అలవాటున్న మనసుకి సన్నగా ఎదురొచ్చే బండి ఆనదు, ఆనినా అది ఎంత స్పీడులో వస్తోందో అంచనాకి దొరకదు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది, 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ 129లో హెల్మెట్. 1989 రూల్స్‌లో వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకోడానికి హ్యాండ్ గ్రిప్, కాళ్ళు పెట్టుకోడానికి ఫుట్ రెస్ట్, వెనక చక్రానికి సగం దాకా అడ్డం ఉండే చీర గార్డు, బండి కొన్నప్పుడే కంపెనీవాడు హెల్మెట్ ఇవ్వాలన్న రూలు, అన్నీ ఉన్నాయి. చీర గార్డు చిన్న విషయం అనుకోకండి, చైత్రంలో రాయగడ మజ్జిగౌరమ్మ దగ్గరికి ఒక్క బండి మీద మొగుడూ పెళ్ళాం ట్యాంకు మీద ఒక పిల్లాడు వెళ్తుంటే చూడండి, ఆవిడ చీర కొంగు గాలికి ఎటు ఎగురుతోందో, ఆ జాలీ ఎన్ని ప్రాణాలు కాపాడి ఉంటుందో. స్టైల్ పోతుందని షోరూం నుంచి తేగానే దాన్ని పీకేసేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. సరే, నేను చెప్పొచ్చేది, బండివాడిని కాపాడే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం బండి మీదే పెట్టారు, బండిని గుద్దే వాహనానికి చెప్పింది చాలా తక్కువ.

ఈలోగా రోడ్లు మారిపోయాయి. 1999లో స్వర్ణ చతుర్భుజి పనులు మొదలయ్యాక ఇచ్ఛాపురం దాటి గిరిసోల మీదుగా బరంపురం, ఛత్రపురం వైపు పోయే పాత ఎన్‌హెచ్ 5, ఇప్పుడు ఎన్‌హెచ్ 16, నాలుగు లేన్లు అయింది, లారీల స్పీడు పెరిగింది, కానీ ఊరు ఒక పక్క పొలం ఇంకో పక్క ఉన్నవాడికి డివైడర్‌లో సందు ఎక్కడో దూరంగా ఉంటుంది, అందుకని రాంగ్ సైడులో పోతాడు, ఎదురుగా వచ్చే డ్రైవరు ఆ దిక్కు నుంచి బండి వస్తుందని కల్లో కూడా అనుకోడు. లోపలికొస్తే ఆంధ్రాలోని సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఎక్కే ఎన్‌హెచ్ 26 ఇంకో లోకం. సాలూరు అంటేనే లారీల ఊరు, విశాఖ నుంచి రాయపూర్ వైపు లోడ్లు ఈ ఘాట్ మీదే పోతాయి, అదే ఘాట్ మీద సంతకి పోయే బైకులూ.

బండికి వచ్చిన టెక్నాలజీ గురించి కూడా చెప్పుకోవాలి. పగలు కూడా హెడ్‌లైట్ వెలగాలన్న రూలు మలేషియాలో 1992లోనే పెట్టారు, మనకి 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి వచ్చింది, మొదట్లో రోడ్డు మీద పోయే ప్రతివాడూ లైటు వెలుగుతోంది బాబూ అని చెయ్యి తిప్పి చూపించేవాడు, ఆ లైటు ఉన్నదే అవతలి డ్రైవరు కంటికి ఆనడానికి. తర్వాత బ్రేకులు. కొత్త మోడళ్ళకి 2018 ఏప్రిల్ నుంచి, మిగతా అన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి, 125 సీసీ దాటితే ఏబీఎస్, 125 లోపయితే సీబీఎస్ చాలు అన్నారు. ఏబీఎస్ అంటే చక్రం లాక్ అవ్వబోతుంటే సెన్సార్ పట్టేసి బ్రేకుని సెకనులో చాలాసార్లు వదిలి పట్టుకుంటుంది, బండి జారే అవకాశం తగ్గుతుంది. సీబీఎస్‌లో వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, అంతే, చక్రం లాక్ అయితే అది ఆపలేదు. మరి మా ఊళ్ళల్లో ఉన్నవి ఏం బండ్లు, స్ప్లెండర్లు, హెచ్‌ఎఫ్ డీలక్స్‌లు, యాక్టివాలు, అన్నీ 125 లోపే. తొలకరి జల్లు పడి ఘాట్ రోడ్డు నూనె రాసినట్టు జిగటగా ఉన్నప్పుడు మలుపులో లారీ ఎదురొస్తే ఏబీఎస్ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే లేకుండా పోయింది. 2025 జూన్‌లో అన్ని టూవీలర్లకీ ఏబీఎస్, బండితో పాటు రెండు హెల్మెట్లు అని కేంద్రం డ్రాఫ్ట్ నోటిఫికేషన్ ఇచ్చింది, నా వరకు ఇది పదేళ్ళ ముందే రావాల్సింది.

ఇక లారీ దగ్గరికి వద్దాం. సాలూరులో ఒక గ్యారేజీలో రిపేరుకి పెట్టిన పది టైర్ల లారీలో డ్రైవరు సీట్లో కూర్చుని చూశాను, మా తమ్ముడు స్ప్లెండర్ మీద ఎడమ పక్క నుంచి మెల్లిగా ముందుకొచ్చాడు, వెనక ఉన్నంతసేపు అద్దంలో కనిపించాడు, క్యాబిన్ తలుపు దగ్గరికొచ్చేసరికి అద్దంలోంచి మాయం, మెడ సాచి కిటికీలోంచి చూసినా హెల్మెట్ పైభాగం కూడా లేదు, బంపర్ దాటి కాస్త ముందుకి పోయాక గానీ మళ్ళీ కనిపించలేదు. ఆ కాసేపట్లో నేను స్టీరింగ్ ఎడమకి తిప్పి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

ఆ మూల చూడడానికే ఇదివరకు క్లీనర్ ఉండేవాడు. ఎడమ తలుపు దగ్గర నిలబడి అరచేత్తో రేకు మీద కొడుతూ పోనీ పోనీ అనీ, బండి పక్కకొస్తే ఆపు ఆపు అనీ అరిచేవాడు, ఘాట్ మలుపుల్లో దిగి ముందు నడిచేవాడు. డీజిల్ రేట్లు పెరిగి కిరాయిలు పెరగక, జీతం మిగుల్చుకోవాలని ఓనర్లు మొదట తీసేసింది క్లీనర్‌నే, నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న షరతు కూడా 2018లో పోయింది. ఇప్పుడు చాలా లారీల్లో ఒక్కడే మనిషి. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకి ఎనిమిది గంటలే పని అని ఉండేది, రాత్రంతా ఒంటరిగా తోలి తెల్లారి కోరాపుట్ దిగే డ్రైవరుకి ఆ చట్టం ఒకటుండేదని ఎవరైనా చెప్పారా? తప్పంతా డ్రైవరు మీద తోసేసేవాళ్ళు ఈ సంగతి కూడా ఆలోచించాలి, నిద్ర లేని కంటికి బైకు కాదు కదా బస్సు కూడా ఆలస్యంగానే ఆనుతుంది.

లారీ మీద పెట్టిన రూల్స్ అసలే లేవని కాదు. 2015 అక్టోబర్ నుంచి కొత్త ట్రాన్స్‌పోర్ట్ వాహనాలకి గంటకి 80 కిలోమీటర్లు దాటనివ్వని స్పీడ్ గవర్నర్ వచ్చింది. బండి వెళ్ళి లారీ కిందకి దూరిపోకుండా వెనక అడ్డంగా బార్ ఉండాలి, ఆగి ఉన్న లారీని ఢీకొని యువకుడు మృతి అని పేపర్లో చదువుతుంటాం కదా, ఆ బారూ, వెనక మెరిసే టేపూ రెండూ సరిగా ఉంటే అందులో కొందరైనా బతికేవాళ్ళు. కానీ గుంటల రోడ్లో తగులుతోందని బార్‌ని పైకి వంచేస్తారు, టేపు మట్టికొట్టుకుపోయి ఉంటుంది, తుడిచేవాడు ఉండడు.

క్లీనర్ పనిని మిషన్ చెయ్యడం యూరప్‌లో మొదలైంది. అక్కడ 2022 జులై నుంచి కొత్త రకం లారీలకి, 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త లారీకీ డ్రైవరుకి కనిపించని మూలలో, అంటే బ్లైండ్ స్పాట్‌లో, సైకిలువాడు ఉంటే హెచ్చరించే సెన్సార్ తప్పనిసరి. లండన్‌లో ఇంకా ముందుకెళ్ళి, క్యాబిన్‌లోంచి డ్రైవరుకి నేరుగా ఎంత కనిపిస్తుందో కొలిచి 0 నుంచి 5 దాకా స్టార్లు ఇస్తారు, 2024 అక్టోబర్ నుంచి 3 స్టార్లు లేనివాడు కెమెరాలూ సెన్సార్లూ పెట్టించుకుంటేనే ఊళ్ళోకి పర్మిట్. కార్ల విషయానికొస్తే యూరప్ క్రాష్ టెస్టుల్లో ఆటోమేటిక్ బ్రేకు మోటార్ సైకిల్‌ని గుర్తుపడుతుందా లేదా అని 2023 నుంచి పరీక్షిస్తున్నారు. మన దగ్గర లారీలకీ బస్సులకీ ఆటోమేటిక్ బ్రేకు, డ్రైవరు కునుకు తీస్తే లేపే అలారం, లేన్ దాటితే హెచ్చరిక అని 2025 మార్చిలో డ్రాఫ్ట్ వచ్చింది. మంచిదే, గట్టిగా కోరుకుంటున్నా. కానీ ఇవి కొత్త లారీలకి, సుంకి ఘాట్ ఎక్కే లారీల్లో ఎన్ని పాతవో చూస్తే ఆ సెన్సార్ మా రోడ్డు మీదకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీకే అర్థమవుతుంది.

అప్పటిదాకా ఉన్న దారి డ్రైవరుకి తెలియజెప్పడమే. 2019లో లారీ లైసెన్సుకి ఎనిమిదో క్లాసు పాసవ్వాలన్న షరతు తీసేశారు, బీదవాళ్ళకి పని దొరుకుతుందని, అది సరైనదే, అయితే చదువు లేనివాడికి కాగితం చేతిలో పెడితే ఏం లాభం, ఒడియాలో బోర్డు పెడితే సాలూరు డ్రైవరు చదవలేడు, తెలుగులో పెడితే కోరాపుట్ దగ్గరి జయపురం డ్రైవరు చదవలేడు. సీట్లో కూర్చోబెట్టి చూపించాలి. లారీ ఆపి, ఎడమ పక్క బైకు నిలబెట్టి, ఎక్కడ మాయమవుతోందో డ్రైవరుకీ, అదే చోట నిలబెట్టి బండివాడికీ చూపించాలి, ఎడమ పక్క ఒక కుంభాకార అద్దం అదనంగా బిగించాలి, పెద్ద ఖర్చేం కాదు. సాలూరు, రాయగడ, బరంపురం లారీ ఓనర్ల సంఘాలు ఫిట్‌నెస్‌కి పంపే ముందు ఒక గంట దీనికి కేటాయిస్తే చాలు, ఎవరు మొదలుపెట్టినా సరే, పక్కన నిలబెట్టడానికి మా స్ప్లెండర్ తీసుకుని నేనొస్తాను.