విమానం కార్గోలో నిప్పు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు నుంచి విమానాల్లో వెళ్లే పార్సిళ్లలో ప్రమాదకరమైనవి ఉన్నాయేమో చూడటం నా పని. ఈ మాటలు తరచూ వింటుంటాను.

అపోహ: "విమానంలో సరుకు పెట్టే కింది అరలో గాలి ఉండదు, అంటుకున్నా అదే ఆరిపోతుంది."

గాలి ఉంటుంది, పైన మనం కూర్చునే చోట ఉన్నంత ఒత్తిడితోనే. ఒకప్పుడు కొన్ని విమానాల్లో అర మూసేస్తే ఆక్సిజన్ అయిపోయి మంట చస్తుందనే నమ్మేవారు. 1996 మే 11న ఫ్లోరిడాలో వాల్యూజెట్ 592 అనే ప్రయాణికుల విమానం కార్గోలో తీసుకెళ్తున్న ఆక్సిజన్ జనరేటర్లే (ఆక్సిజన్ పుట్టించే డబ్బాలు) మంటకు ఆక్సిజన్ అందించాయి. విమానం కూలి 110 మంది చనిపోయారు. ఆ తర్వాతే అమెరికాలో ప్రయాణికుల విమానాల్లోని అలాంటి అరలకు పొగ డిటెక్టర్లు, మంటను అణిచే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

అపోహ: "హాలాన్ గ్యాస్ వదిలితే సరి."

కార్గో అరల్లో వాడే హాలాన్ 1301 అనే గ్యాస్ జ్వాలను అణిచి, దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగేదాకా టైమ్ ఇస్తుంది. లిథియం బ్యాటరీతో చిక్కు ఇక్కడే. బ్యాటరీ లోపలి ఒక సెల్ (విడి భాగం) వేడెక్కితే పక్క సెల్ అందుకుంటుంది, ఆ వేడిని హాలాన్ ఆపలేదు. బయటికొచ్చే వాయువులు పేలగలవు కూడా. అందుకే 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం అయాన్ బ్యాటరీలను సరుకుగా పంపడం నిషేధం. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే పెట్టుకోమనేదీ ఇందుకే: పొగొస్తే కంటికి కనిపిస్తుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లబరచగలరు.

అపోహ: "ఉత్త కార్గో విమానమైతే ఏదైనా పంపొచ్చు."

పెద్ద కార్గో విమానాల పై డెక్‌లో చాలావాటికి హాలాన్ కూడా ఉండదు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో యూపీఎస్ 6 అనే కార్గో విమానం సరుకు అంటుకుని కూలి పైలట్లిద్దరూ పోయారు. సరుకులో లిథియం బ్యాటరీలు చాలా ఉన్నాయి.

అపోహ: "పూజ సామానే కదండీ!"

అమెరికాలో పిల్లలకు పంపే పచ్చళ్లు, కారప్పొడుల పెట్టెలో ఎండు కొబ్బరి, కర్పూరం కూడా సర్దేస్తారు. ఎండు కొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. కర్పూరం తేలిగ్గా అంటుకునే ఘనపదార్థాల్లో ఉంది. ప్రేమగా సర్దిన పెట్టె విప్పి తీసేయమంటే అమ్మలకు బాధగానే ఉంటుంది, నాకూ బాధే. అయినా తీయక తప్పదు.

పెట్టెలో ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయండి. "ఎలక్ట్రానిక్ సామాను" అని రాస్తే లోపల బ్యాటరీ ఉందో లేదో మాకెలా తెలుస్తుంది? ఉబ్బిన బ్యాటరీ మాత్రం పార్సిల్‌లోనూ వద్దు, చేతి సంచిలోనూ వద్దు.