మెరిసిందల్లా మన కణమేనా?

చిన్నూకీ, పాపకీ తిరుపతి నుంచి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నూ ఒకటడిగాడు కదా, ఎలుకకి మూలకణాలు (వేరే రకాల కణాలుగా మారగలిగే కణాలు) ఎక్కించాక అవి లోపల ఎటు పోయాయో ఎట్లా తెలుస్తుందని. గుర్తు పెట్టకపోతే తెలియదురా. గరుడ సేవ రోజు మాడవీధుల్లో అంత జనం, అందులో గుండు కొట్టించుకుని చందనం పూసుకున్న పిల్లలే వందల మంది, మనవాడెవడో ఎట్లా పోల్చుకుంటాం? ముందే నెత్తిన ఎర్ర టోపీ పెట్టాలి. కణాలకి ఆ టోపీయే మెరిసే నానో రేణువు.

వీటిలో క్వాంటమ్ డాట్లని ఒక రకం. కాడ్మియం సెలెనైడ్ లాంటి పదార్థంతో చేస్తారు, సైజు కొన్ని నానోమీటర్లే (మిల్లీమీటరులో 10 లక్షల వంతు ఒక నానోమీటరు). తమాషా ఏమిటంటే పదార్థం అదే, సైజు మారితే రంగు మారిపోతుంది: చిన్నవి నీలం, కాస్త పెద్దవి ఎరుపు. 2023 కెమిస్ట్రీ నోబెల్ బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకి వచ్చింది వీటికే. మామూలు రంగులు లైటు పడేకొద్దీ వెలిసిపోతాయి, ఇవి చాలాసేపు తట్టుకుంటాయి.

ఒంట్లోకైతే ఎరుపు వైపువే మేలు. రాత్రి లైటార్పి ఫోన్ టార్చి మీద వేలు పెట్టి చూడండి, వేలంతా ఎర్రగా కనిపిస్తుంది. మిగతా రంగుల్ని చాలావరకు రక్తమే పీల్చేసుకుంటుంది, ఎరుపూ, దాని అవతల కంటికి ఆనని నియర్ ఇన్‌ఫ్రారెడ్డూ బయటపడతాయి. ఇట్లా వెతికే పద్ధతులతోనే తెలిసింది, రక్తనాళంలోకి ఎక్కించిన మూలకణాలు చాలావరకు ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయని.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తా. కణం రెండుగా చీలితే రేణువులు కూడా చెరి సగం అవుతాయి, మళ్లీ చీలితే పావు, అట్లా పోనుపోను మసకబడిపోతుంది. ఇదైనా నయం. కణం చచ్చిపోతే రేణువు చావదు కదా, చచ్చినవాటిని మింగే మాక్రోఫేజ్ వచ్చి దాన్నీ మింగుతుంది, ఇక మెరిసేది అదే, అంటే మనవాడి టోపీ ఇంకెవడి నెత్తినో! అందుకే ఎవరైనా మెరుపు ఒక్కటే చూపించి కణాలు బతికే ఉన్నాయంటే నేను నమ్మను. ఇంకో రుజువు కావాలి. మగ ఎలుక కణాల్ని ఆడ ఎలుకకి ఎక్కించి, తర్వాత మగవాటి కణాల్లోనే ఉండే వై క్రోమోజోమ్ కోసం వెతకడం అట్లాంటిదే.

కాడ్మియం విషం కూడా. పైన జింక్ సల్ఫైడ్ పొర వేస్తారు గానీ భయం పూర్తిగా పోదు. అందుకే కొందరు మెరిసే నానో వజ్రాల వైపు వెళ్లారు, 2013లో తైవాన్ వాళ్లు వాటితోనే ఎలుకల్లో ఊపిరితిత్తుల మూలకణాల జాడ పట్టారు.

ఎలుక బక్కది కాబట్టి వెలుగు బయటికొస్తుంది. మన గుండె లోతు నుంచి అట్లా రాదు, అందుకే మనుషుల్లో ఇనుప నానో రేణువులు పెట్టి, అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మ తీసే ఎంఆర్ఐలో చూసే ప్రయత్నాలు చేశారు. పాపా, అయస్కాంతం సంగతి నీకిష్టం కదా, అది వచ్చే ఉత్తరంలో.

మీ తాత